పాదరక్షా వ్యూహ విజయం

చిత్రభాను నామ సంవత్సర వైశాఖ మాసాన, ప్రచండ మార్తాండుడు కొవ్వూరు తారురోడ్డును పెనంలా కాలుస్తున్న మిట్టమధ్యాహ్న వేళ, గోదావరీ మాత సన్నిధిలో, ఫ్యాన్ల ఘోషతో మార్మోగే ఒక సర్కారు కార్యాలయంలో జరిగిన మహాసంగ్రామాన్ని వినిపిస్తాను. శ్రద్ధగా ఆలకించండి.

వీరుడు శ్రీరామమూర్తి. సీనియర్ అసిస్టెంటు, సంధ్యావందన దీక్షాపరాయణుడు, ఫైలుకు ట్యాగు కట్టడంలో అద్వితీయుడు. వచ్చే ఏటి పుష్కరాల్లో యాత్రికులు విడిచే లక్షల చెప్పులను కాపాడే వ్యూహ ప్రణాళికే ఆయన అస్త్రం. గత పుష్కరాల్లో ఆయన ధర్మపత్ని అమ్మాజీ కొత్త చెప్పులు రేవుమెట్ల మీద మాయమై, పాపం ఆవిడ అరికాళ్లు బొబ్బలెక్కాయి.

"ఆ చెప్పుల సంగతి తేల్చండి. లేదంటే ఈసారి మీరొక్కరే మునగండి!" అని ఆవిడ భీషణ శపథం.

దంపతులు చేయీచేయీ పట్టుకుని చేయాల్సిన సరిగంగ స్నానం ఒక్కడే ఎలా చేస్తాడు? ఇన్ని పాపాలు కడిగే తల్లి ఒక్క జత చెప్పులు కాపాడలేదా అని ఆయనకు అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. వెంటనే లెంపలు వేసుకునేవాడు.

ఎదుట నిలిచిన దుర్గమే ఆఫీసరు శశిభూషణ్, పచ్చసిరా కలంధారి. ఏ ప్రణాళికైనా మొదలుపెట్టే ముందు దాని అవసరం నిరూపించాలన్నది ఆయన శాసనం. ఫైలు ఇప్పటికే రెండుసార్లు "ఎందుకు?" అనే హరితబాణం తగిలి వెనక్కి వచ్చింది. ప్రతిపాదనలకు ఆ రోజే ఆఖరు.

ఆఫీసరు గదిలో లక్ష్మీదేవి పటం ఉన్నందున ఆయనతో సహా అందరూ గుమ్మం బయటే చెప్పులు విడవాలి. వీరుడు తన నల్లచెప్పులను అక్కడి గుట్టలో విడిచి, లోపలికి దూకి గర్జించాడు.

"అయ్యా! ఉప్పొంగే జనసముద్రం నడుమ, పర్వతాకారమైన చెప్పులరాశిలో తన జతను గుర్తించగల మొనగాడు ముల్లోకాలలో ఉన్నాడా?"

"ఎవరి చెప్పులు వాళ్లకి తెలియవేంటండీ? దీనికో ప్లానా! భోజనాల వేళైంది, పదండి" అంటూ ఆఫీసరు బయటికి నడిచాడు.

వీరుడు కుప్పకూలాడు. అంతలో వరండాలోంచి ఆర్తనాదం.

"నా చెప్పులేవండీ?"

అటెండరు వీరబ్రహ్మం గుట్టలో మోచేతుల దాకా దిగాడు. "ఇవేనేమోనండి... అబ్బే, ఇవి రెండూ ఎడంకాలివేనండి! ఇందాకా అర్జీలవాళ్లు గుంపుగా వెళ్లారు కదండీ."

కాలుతున్న సిమెంటు మీద ఆఫీసరు ఒంటికాలిపై మూడు గంతులు వేశాడు. వీరుడు ఫైలు అందించాడు. ఒంటికాలి మీద నిలబడే ఆఫీసరు ఫైలుపై పచ్చసిరా ప్రవహింపజేశాడు: "అవసరము స్పష్టము. ఆలోచన ప్రారంభించవచ్చును."

"ఇవిగో, దొరికాయి లెండి!" అంటూ ఆఫీసరు గుట్టలోంచి ఒక నల్లచెప్పుల జత తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఫైలును కళ్లకద్దుకుని బీరువాలో భద్రపరచి బయటికొచ్చిన వీరుడికి గుట్టలో తన నల్లచెప్పులు కనబడలేదు. అగ్నిగుండం లాంటి రోడ్డు మీద ఎగురుతూ, గెంతుతూ, గోవిందనామాలు చదువుతూ ఇల్లు చేరాడు.

"చెప్పులు మీరూ పోగొట్టుకొచ్చారా!" అంది అమ్మాజీ.

"అనుమతి వచ్చిందే!"

"దేనికండీ?"

"ఆలోచించడానికి!"

ఆవిడ చెంబుడు చన్నీళ్లు ఆయన పాదాల మీద పోస్తూ కిసుక్కున నవ్వింది. "అయితే నేనూ ఆలోచిస్తాను లెండి, మునగాలో వద్దో."

పదకొండేళ్ల "ససేమిరా" ఆ క్షణాన "ఆలోచిస్తాను" అయింది! మోగించండి దుందుభులు! ఒక్క జత చెప్పుల నష్టంతో, రెండు బొబ్బల గాయంతో, శ్రీరామమూర్తి దిగ్విజయం సాధించాడు.