వాచీల షాపాయన వేసిన మార్కులు

ఆ శనివారం పొద్దున వాచీల షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక గోడగడియారానికి స్ప్రింగు మార్చాలి, పదకొండుకి షాపు కట్టేయాలి, భోజనం చేసి ఒక కునుకు తీయాలి, ఆదివారం మ్యాచ్ కోసం గొంతు దాచుకోవాలి. అది మామూలు మ్యాచ్ కాదు. రెండో డివిజన్‌లో అట్టడుగున వేలాడుతున్న తమ ఫుట్‌బాల్ జట్టు ఈ ఆఖరి ఆటలో ఓడకుండా ఉంటే చాలు, ఆ డివిజన్‌లోనే మిగులుతుంది. ఓడితే మూడో డివిజన్‌కి జారిపోతుంది.

ఆ జట్టుకి ఒక అభిమానుల సంఘం ఉంది. సభ్యులు ఎనిమిది మంది. వాళ్ళలో ఏడుగురికి అరవడం వచ్చు, రాయడం ఇష్టం లేదు. అందుకని వాచీల షాపాయన కార్యదర్శి అయ్యాడు. ఈ ఏడాదే లీగ్ ఆఫీసు వాళ్ళు కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. ప్రతి మ్యాచ్ అయ్యాక రెఫరీ పనితీరుకి పదికి ఎన్ని మార్కులో అభిమానులే ఒక ఫారంలో రాసి పంపాలి. ఏడాది చివర ఆ మార్కులను బట్టి ఒక రెఫరీని పై డివిజన్‌కి ఎక్కిస్తారు, ఒకరిని కిందికి దించుతారు. మిగతా జట్ల అభిమానులు మొదటి రెండు వారాలు పంపి మానేశారు. ఏడాది పొడుగునా, జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్ళి మరీ, ఒక్క ఫారం తప్పకుండా పంపింది మన షాపాయనే. అంటే ఆ డివిజన్‌లో ఈల ఊదే నలుగురి రాతా ఆయన పెన్సిల్ కొనమీద ఉంది. ఆ సంగతి మాత్రం ఆయనకి తెలియదు.

ఆయన స్ప్రింగు బిగిస్తుండగా బావమరిది బస్సు దిగి, షాపులోంచే నేరుగా వెనకున్న ఇంట్లోకి వెళ్ళాడు. పలకరించలేదు. రెండు నిమిషాల్లో లోపలినుంచి భార్య గొంతు ఖంగున మోగింది.

"మా తమ్ముడికి పదికి ఒకటి వేసినవాడెవడో, వాడి చేతులు పడిపోను!"

షాపాయన చేతిలో పట్టకారు జారి కింద పడింది. ఆయన లోపలికి వెళ్ళేసరికి బావమరిది గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఆవిడ చేతిలో ఒక ఉత్తరం రెపరెపలాడుతోంది.

ఈ బావమరిది ఆ నలుగురు రెఫరీల్లో ఒకడు. నిజం చెప్పాలంటే ఆ డివిజన్ మొత్తంలో ఉన్న ఒకే ఒక్క మంచి రెఫరీ. చుట్టరికం అడ్డొచ్చి షాపాయన ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

"ఏమైందిరా?" అన్నాడు.

"నన్ను మూడో డివిజన్‌కి తోసేస్తున్నారు బావా. సోమవారం కమిటీలో ఖాయం చేస్తారట. మొదటి డివిజన్‌కి అర్జీ పెట్టుకున్నాను. ఈ ఏడు దాటితే నా వయసుకి ఇంక తీసుకోరు. పన్నెండేళ్ళు ఎండనక వాననక పరిగెత్తాను. పదికి ఒకటట!" అన్నాడు బావమరిది.

"ఒకటా?" అన్నాడు షాపాయన. "ఒకటంటే... మంచిదేగా?"

ఆవిడ నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది. "మీరే బళ్ళో చదువుకున్నారండీ? ఒకటి మంచిదెక్కడ?"

ఎక్కడంటే, గడియారాల్లో. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చూసేది ఒక్కటే, రోజుకి ఎన్ని సెకన్లు తప్పుతోంది అని. పది సెకన్లు తప్పే వాచీ దండగ. ఒక్క సెకను తప్పేది బంగారం. అసలు తప్పనిది ఆయన ఇంతవరకూ చూడలేదు. లీగ్ ఆఫీసు ఫారంలో పదికి ఎన్ని అని అడిగితే, ఆ మహానుభావుడు పదికి ఎన్ని తప్పులు అనుకుని రాసిపడేశాడు. ఫారం వెనకవైపు వివరంగా సూచనలు ఉన్నాయి. ముందువైపు అంత తేలిగ్గా అర్థమయ్యాక వెనకవైపు చూడాల్సిన పనేముందని ఆయన తిప్పి చూడలేదు.

"ఇదిగో, కింద ఉంది," ఆవిడ ఉత్తరం మళ్ళీ చదివింది. "మార్కులు వేసినవారు, అభిమానుల సంఘం కార్యదర్శి. ఎవడండీ ఆ కార్యదర్శి?"

షాపాయన కళ్ళజోడు తీసి తుడవసాగాడు. బావమరిది తల ఎత్తాడు. తమ్ముడి చూపు వెంబడే అక్క చూపు కూడా వెళ్ళి ఒకచోట ఆగింది.

"వివరాల గడిలో 'చెప్పుకోదగ్గదేమీ లేదు' అని రాసింది కూడా మీరేనా బావా?" అన్నాడు బావమరిది.

"తప్పులురా! చెప్పుకోదగ్గ తప్పులేమీ లేవని..."

"పన్నెండున్నరకి ఆ ఆఫీసు మూసేస్తారు," అంది ఆవిడ. "మీరు వచ్చాకే పొయ్యి వెలిగిస్తాను."

లీగ్ ఆఫీసు అంటే మేడమీద ఒక గది, రెండు బీరువాలు, ఒక గుమాస్తా. షాపాయన ఆయాసపడుతూ మెట్లెక్కి పేరు చెప్పగానే గుమాస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మీరేనా! మీ ఫారాలు చూసి మా అధ్యక్షులవారు ఎంత మురిసిపోయారో! అభిమానులంటే తిట్టేవాళ్ళే అనుకున్నామండీ. ఒక రెఫరీకి వరసగా ఎనిమిది మ్యాచుల్లో తొమ్మిది, పది, పది, తొమ్మిది... ఇంత మంచి మనసు ఎవరికుంటుంది?"

షాపాయనకి ఆ రెఫరీ ఎవరో వెంటనే తెలిసింది. తొమ్మిదులూ పదులూ ఆయన ఒక్కడికే వేశాడు. ఆ మనిషిని గ్యాలరీలో అందరూ 'అయోమయం' అంటారు. వారమంతా ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూస్తాడు, ఆదివారం ఈల ఊదుతాడు. గోల్ పడితే ఆఫ్‌సైడ్ అంటాడు. ఆఫ్‌సైడయితే మూలనుంచి కొట్టమంటాడు. జనం అరిస్తే భయపడి మాట మార్చి, రెండోవైపు జనం అరిస్తే మళ్ళీ మారుస్తాడు. ఒకసారి కిందపడ్డ ఆటగాణ్ణి వదిలేసి, వాడికి నీళ్ళు తెచ్చిన మనిషికి పసుపు కార్డు చూపించాడు. ఆ మ్యాచ్‌కి షాపాయన నిండు మనసుతో పదికి పది వేశాడు. వివరాల గడిలో 'యథాప్రకారం' అని రాశాడు.

గుమాస్తా బీరువా తెరిచి తళతళలాడే షీల్డు ఒకటి బల్లమీద పెట్టాడు. దానిమీద 'ఈ ఏటి ఉత్తమ రెఫరీ' అని, కింద అయోమయం అసలు పేరు చెక్కి ఉన్నాయి. "మీరంత అభిమానించారని రేపు మీ మ్యాచ్‌కి ఆయన్నే వేశాం. షీల్డు కూడా మీ చేతుల మీదుగానే ఇప్పిస్తున్నాం."

షాపాయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. సంగతంతా చెప్పాడు. గుమాస్తా మొహంలో మంచి మనసు మీది గౌరవం కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"రాసివ్వండి. సోమవారం కమిటీ ముందు పెడతాను. మీ బావమరిది ఒక్కడి మార్కులే తిప్పమంటారా, అందరివీ తిప్పమంటారా?"

షాపాయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఒక్కడివే అంటే పని అయిపోయేది. కానీ ఆయన సెకను తేడా కూడా ఒప్పుకోని మనిషి.

"ఒక్కడివే అంటే బంధుప్రీతి అంటారండీ. అందరివీ తిప్పండి."

"అలాగే. రేపటి కార్యక్రమం మాత్రం మారదు. పేరు చెక్కించేశాం."

'ఈ ఏడాది నేను పంపిన ఫారాలన్నిటిలో పదిని సున్నాగానూ ఒకటిని తొమ్మిదిగానూ, అలా అన్నిటినీ తిప్పి చదువుకోగలరు' అని రాసి, సంతకం పెట్టి షాపాయన ఇంటికి వచ్చాడు. ఆవిడ పొయ్యి వెలిగించింది. మాట్లాడలేదు.

ఆదివారం మైదానంలో అడుగు పెట్టగానే సెలూన్ ఆయన ఎదురొచ్చాడు. వీళ్ళిద్దరిదీ చిన్నప్పటి స్నేహం. సంఘంలో అందరికంటే పెద్ద గొంతు ఆయనది.

"ఒరేయ్, అయోమయానికి షీల్డటగా? నువ్విస్తున్నావటగా? నీకు మతిగానీ పోయిందా?"

"తర్వాత చెప్తాను."

"తర్వాతేంట్రా! అవతలి జట్టువాళ్ళు అప్పుడే గోల పెడుతున్నారు. రెఫరీ మన మనిషని!"

ఇంతలో అయోమయం వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని నల్ల చొక్కా, పక్కన ముసలి తల్లి. షాపాయన చేతులు రెండూ పట్టుకున్నాడు.

"పదమూడేళ్ళుగా ఈల ఊదుతున్నానండీ. తిట్టనివాడు లేడు. మా అమ్మే నన్ను మానేయమంది. మీరు తొమ్మిదులూ పదులూ వేశారని తెలిసి నాలుగు రోజులుగా నిద్ర పట్టలేదు."

"మావాడిలో మీకేం కనిపించిందో బాబూ," అంది ముసలావిడ, "కన్నదాన్ని, నాకే కనపడలేదు."

షాపాయన ముసలావిడకి నమస్కారం పెట్టాడు. ఇన్నేళ్ళూ తను అరిచిన అరుపులన్నీ ఒక మనిషిమీదే పడ్డాయని ఆయనకి ఆ నిమిషందాకా తోచలేదు. సిగ్గేసింది. మైకు చేతికి ఇచ్చేసరికి అబద్ధం చెప్పడానికీ మనసొప్పలేదు, నిజం చెప్పడానికీ ఒప్పలేదు. "ఈయన గురించి నేనేమనుకుంటానో ఈ మైదానంలో అందరికీ తెలుసు," అని షీల్డు చేతిలో పెట్టి చక్కా వచ్చేశాడు. గ్యాలరీ ఘొల్లున నవ్వింది. అయోమయం ఆ నవ్వులన్నీ ఆప్యాయత అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఆట మొదలైంది. పది నిమిషాలు గడిచేసరికి సెలూన్ ఆయన అటూ ఇటూ చూశాడు.

"ఏంట్రా, ఏమీ తప్పులు చేయట్లేదు?"

నిజమే. అయోమయం బంతికి పది గజాల దూరంలోనే ఉంటున్నాడు. ఆఫ్‌సైడయితేనే ఆఫ్‌సైడ్ అంటున్నాడు. అవతలి జనం 'అమ్ముడుపోయాడు' అని అరిస్తే అటు తల కూడా తిప్పలేదు. తనని మెచ్చుకునే మనిషి మూడో వరసలో కూర్చుని చూస్తున్నాడన్న ధైర్యం ఆయన్ని నిలబెట్టింది. ముప్ఫై తిట్లు సిద్ధం చేసుకుని వచ్చిన సెలూన్ ఆయన వాటిని ఎక్కడ దింపుకోవాలో తెలియక గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు.

గోల్ లేకుండా ఎనభై ఎనిమిది నిమిషాలు గడిచాయి. ఇంకో రెండు నిమిషాలు గడిస్తే జట్టు గట్టెక్కినట్టే. అప్పుడు తమ గోలు ముందు గుంపులో బంతి ఎగిరింది, తమ ఆటగాడి మోచేతికి రవ్వంత, తగిలీ తగలనట్టు తగిలింది. ఆ ఇరవైరెండు మందిలో ఎవరికీ కనపడలేదు. గ్యాలరీలో కూర్చున్నా, గడియారాల్లో చిన్న చిన్న చక్రాలు చూసి చూసి అలవాటుపడ్డ షాపాయన కళ్ళకి కనపడింది. అయోమయానికి కనపడేదేమిటిలే అనుకున్నాడు.

ఈల మోగింది. పెనాల్టీ. గోల్.

ఆట ముగిసింది. ఎవరూ ఇళ్ళకి కదల్లేదు. సెలూన్ ఆయన షాపాయన భుజం పట్టుకున్నాడు.

"మామూలుగా తిట్టి ఉంటే ఆయనకి ఆ చెయ్యి జన్మలో కనపడేది కాదు! పదమూడేళ్ళు కష్టపడి బెదరగొట్టి ఉంచుకున్నాం. నువ్వొక్కడివి పొగిడి చెడగొట్టావు కదరా!"

షాపాయన లేచి ఇంటిదారి పట్టాడు. జట్టు పోయినందుకు ఏడుపొస్తోంది, కానీ చెయ్యి తగిలింది తగిలిందే. ఇంటికి వచ్చి ఫారం తీసి, ఈసారి వెనకవైపు కూడా రెండుసార్లు చదివి, సరైన పద్ధతిలో నిజాయితీగా పదికి పది వేశాడు. వివరాల గడిలో 'ఇంతకంటే బాగా ఎవరూ చేయలేరు' అని రాశాడు. ఏడాది మొత్తానికి ఆయన పూర్తిగా సరిగ్గా నింపిన ఫారం అదే. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి ఆఫీసు పెట్టెలో వేసి వచ్చాడు.

సోమవారం సాయంత్రం బావమరిది పరుగున వచ్చి అక్క చేతిలో ఉత్తరం పెట్టాడు. మొదటి డివిజన్! ఆవిడ తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేసింది, ఆ తడి కళ్ళతోనే మొగుడితో రెండు రోజుల తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"మీరూ అప్పుడప్పుడూ మంచిపని చేస్తారు."

ఆ మాటకి ఉప్పొంగి, షాపాయన మంగళవారం ఉదయం కృతజ్ఞతలు చెబుదామని లీగ్ ఆఫీసు మెట్లెక్కాడు.

"మీరు రాసిచ్చిన ప్రకారమే అన్నీ తిప్పేశామండీ," అన్నాడు గుమాస్తా. "నిన్న పొద్దున పెట్టెలో వేసిన ఫారంతో సహా."

"నిన్నటిది తిప్పకూడదు! అది సరిగ్గా రాశాను!"

"పంపినవన్నీ తిప్పమన్నారుగా? పదికి సున్నా పడింది. 'ఇంతకంటే బాగా ఎవరూ చేయలేరు' అని కూడా రాశారు. అది వెటకారమని అధ్యక్షులవారు చాలాసేపు నవ్వారు."

"అయ్యా, ఆ ఒక్కటీ మామూలుగా ఉంచండి. ఆ మనిషి నిజంగానే బాగా చేశాడు!"

"ఒక్కదానికి మినహాయింపు ఇస్తే బంధుప్రీతి అంటారండీ," అన్నాడు గుమాస్తా, ఫైలు ముడి వేస్తూ. "నిర్ణయం అయిపోయింది. ఆయన్ని మూడో డివిజన్‌కి దించారు. రూలు ప్రకారం మీ ఉత్తరం నకలు, ఫారాల నకళ్ళు ఆయనకి పంపేశాం."

షాపాయన ఆ సాయంత్రమే మీటర్ల ఆఫీసుకి వెళ్ళాడు. అయోమయం బయటికి రాలేదు. షీల్డు మాత్రం ఒక కాగితం సంచిలో పెట్టి ప్యూన్‌తో పంపించాడు.

మూడో డివిజన్‌కి ఉన్న రెఫరీ ఒక్కడే. కొత్త సీజన్ మొదటి ఆదివారం తమ జట్టు మైదానంలోకి దిగింది, వెనకాలే నల్ల చొక్కా దిగింది. ఆట మొదలెట్టాల్సిన ఈల ఊదకుండా అయోమయం తిన్నగా గ్యాలరీ వైపు నడిచి, మూడో వరస ముందు ఆగి, జేబులోంచి ఎర్ర కార్డు తీసి వాచీల షాపాయన మొహానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. రూలు ప్రకారం ప్రేక్షకుణ్ణి బయటికి పంపే అధికారం రెఫరీకి లేదు. షాపాయన కళ్ళజోడు సర్దుకుని, లేచి, గేటు వైపు నడిచాడు.

అయోమయం పదమూడేళ్ళలో తీసిన కార్డుల్లో ఎవరూ తప్పుపట్టనిది అదొక్కటే.