సగం జోయెల్‌ది, సగం ఏంజెల్‌ది

"మణీ, ఈ జిల్లాలో కంప్యూటర్ నేరస్థుడనేవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎందుకో తెలుసా? నేను ముందే పుట్టేశాను కాబట్టి."

టైపు మాస్టారు బసవపున్నయ్యగారు ఈ మాట సెలవిచ్చినప్పుడు నేను ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత మిషనుకు రిబ్బను ఎక్కిస్తున్నాను. అది 2001 ఫిబ్రవరి. వన్ టౌన్‌లో టైపు నేర్చుకునే పిల్లలంతా కంప్యూటర్ క్లాసులకు మళ్లిపోయాక మాస్టారు మిషన్ల మీద గుడ్డలు కప్పి, బయటి బోర్డు కింద ఎర్రరంగుతో 'కంప్యూటర్ నేర పరిశోధన' అని రాయించారు. ఆయనకు కంప్యూటర్ లేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "జైళ్లు కట్టించినవాళ్లు జైల్లో కాపురముంటారా?" అని అడిగేవారు.

నేను ఆ పక్కనే చేపల వలల దుకాణంలో గుమాస్తాని. ఆయన నన్ను సహాయకుడిగా ఎంచుకున్నది నా బుర్ర చూసేనని చాలాకాలం మురిసిపోయాను. నా స్కూటర్ రిపేరుకు ఇచ్చిన వారమంతా ఆయన నన్ను పలకరించకపోవడంతో ఆ భ్రమ తొలగింది.

అంతలో జోయెల్ పరుగు పరుగున వచ్చాడు. గుణదలలో అతనిదీ, అతని భార్య ఏంజెల్‌దీ చిన్న డి.టి.పి. సెంటరు ఉంది. పెళ్లికార్డులు, కరపత్రాలు కంప్యూటర్లో టైపు చేసి ప్రెస్సుకు ఇస్తుంటారు.

"మాస్టారూ, కొంప మునిగిందండీ."

"ఆగు. నువ్వు గుణదల నుంచి వస్తున్నావు."

"నేనుండేదే గుణదల కదండీ. మీకు తెలుసుగా."

"తెలుసు కాబట్టే చెప్పగలిగాను. ఇప్పుడు విషయం చెప్పు."

విషయం పాస్‌వర్డు. కిందటేడు వీళ్ల డిజైన్లు ఎవరో కాపీ కొట్టారని జోయెల్ వస్తే, మాస్టారే ఒక ఉపాయం చెప్పారు. పాస్‌వర్డులో మొదటి సగం భర్తకు, రెండో సగం భార్యకు తెలియాలి. ఒకరు కొడుతుంటే మరొకరు గోడవైపు తిరగాలి. "బ్యాంకు లాకరు కూడా ఇంతే," అన్నారాయన. ఆ దంపతులు ఏడాదిపాటు రోజూ పొద్దున్నే వంతులవారీగా గోడకు మొహం పెట్టుకుని నిలబడ్డారు.

"ఏంజెల్ సగం నాకు తెలిసిపోయిందనుకోండి. నా పేరే పెట్టుకుంది," అన్నాడు జోయెల్ కాస్త సిగ్గుపడుతూ. "కానీ ఇప్పుడది కొడితే తప్పంటోంది. మేరీమాత ఉత్సవాలకి అంతోనిగారి గాయకబృందం పాటల పుస్తకం అందులోనే ఉండిపోయింది. ఈ సాయంత్రానికి ప్రెస్సుకి ఇవ్వకపోతే వాళ్లు ఉత్తచేతులతో కొండకి వెళ్లాల్సొస్తుంది. ఫ్లాపీలో కాపీ ఉంది గానీ, అది ఏ కంప్యూటర్లో పెట్టినా గుర్రుమంటుంది తప్ప తెరుచుకోదు."

మాస్టారు కళ్లు మూసుకున్నారు. "హ్యాకర్లు," అన్నారు. "పద మణీ, స్కూటర్ తియ్యి."

గుణదల చేరాక ఆయన మొదట చేసిన పని, జోయెల్ ఇంట్లోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి కీబోర్డు మీద కుమ్మరించడం. వేలిముద్రల కోసం. తర్వాత భూతద్దం పెట్టి ఊపిరి బిగబట్టి చూశారు. బిగబట్టిన ఊపిరి తుమ్ముగా బయటికి రావడంతో పౌడరంతా నా మీదా, జోయెల్ మీదా పడింది.

"సన్నని వేళ్లు. నేరస్థుడు ఆడమనిషిలా నటిస్తున్నాడు."

"అవి ఏంజెల్ వేళ్లండీ. టైపంతా తనేగా చేసేది."

"ఆవిడేది?"

జోయెల్ నేలచూపులు చూశాడు. "భవానీపురంలో వాళ్లక్కగారింటికి వెళ్లిందండి."

"ఎప్పుడు?"

"పాస్‌వర్డు పనిచెయ్యడం మానేసిన రోజే."

నాకు విషయం అర్థమైంది. నాకే అర్థమైందంటే వీధిలో పోయే ఎవరికైనా అర్థమవుతుంది. మాస్టారు మాత్రం బల్ల చరిచారు. "చూశావా మణీ. ఆవిడ ఊళ్లో లేని సమయం కనిపెట్టి దెబ్బకొట్టారు."

"భవానీపురం ఊళ్లోనే ఉంది కదండీ."

"సాక్షిని కాపాడాలి. పద."

భవానీపురంలో శత్రువులకు అనుమానం రాకుండా స్కూటర్ వీధి మొదట్లోనే ఆపించారు. ఎండలో నడిచి వెళ్లి, నల్లకళ్లద్దాలు తియ్యకుండానే చీకటి వరండాలోకి దూరి, ఏంజెల్ అనుకుని వాళ్లక్కగారితో, "భయపడకమ్మా, మీ ఆయన క్షేమం," అన్నారు. లోపల భోంచేస్తున్న ఆవిడ భర్త తల బయటపెట్టి, తాను క్షేమంగానే ఉన్నానని చెప్పాడు.

ఏంజెల్ వచ్చి మాకు మంచినీళ్లిచ్చింది. మాస్టారు గొంతు తగ్గించి, "పాస్‌వర్డు మార్చిన దుర్మార్గుణ్ణి పట్టుకోబోతున్నాం," అన్నారు.

"నేనే మార్చానండి."

"ఎవరు బెదిరించారమ్మా?"

"ఎవరూ బెదిరించలేదండి. ఒళ్లు మండి మార్చాను." ఆమె నా వైపు తిరిగింది. "అంతోనిగారు వచ్చి అచ్చు ముత్యాల్లా ఉందమ్మా అన్నారు అన్నయ్యగారూ. ఈయన పక్కనే నిలబడి, దాందేముందండీ, టైపు కొట్టడమేగా, ఎవరైనా కొడతారు అన్నారు. ఎవరైనా కొడతారుగా, కొట్టుకోమనండి."

"ఆ కొత్త పాస్‌వర్డేదో మాకైనా చెప్పమ్మా. పుస్తకం ఆగిపోతోంది," అన్నాను.

"ఆయన్నే చెప్పమనండి. పొద్దున లేచింది మొదలు ఆయనతో నేననే మాటే అది. చెవిన పడి ఉంటే తెలుస్తుంది." ఆమె గ్లాసులు తీసుకుని వెళ్లబోతూ ఆగింది. "ఆ పాటలన్నీ నేను కొట్టినవేనండి. ఆగిపోతే నాకు మాత్రం సంతోషమా?"

తిరుగుదారిలో మాస్టారు వెనక సీట్లోంచి, "ఆవిడ ఎంత ధైర్యంగా నేరం నెత్తినేసుకుందో చూశావా? అసలువాణ్ణి కాపాడుతోంది," అన్నారు. నేను గేరు మార్చాను. అంతకన్నా చెయ్యగలిగింది లేదు.

ఆవిడ మాట జోయెల్‌కు చెప్పాను. అతను కంప్యూటర్ ముందు కూర్చుని, తన సగం పక్కన 'టీ' కొట్టాడు. తప్పంది. 'అన్నం' కొట్టాడు. 'ఏవండీ' కొట్టాడు. 'కరెంటు' కొట్టాడు. ప్రతిసారీ ఆ డబ్బా టంగుమని మొట్టికాయ వేసినట్టు మోగింది. తెర మీద పాస్‌వర్డు అడిగే పెట్టెలో రెండే బొత్తాలున్నాయి. ఒకటి ఓకే, రెండోది కాన్సిల్. కాన్సిల్ జోలికి మాలో ఎవరమూ పోలేదు. అది నొక్కితే పాటలన్నీ కాన్సిలైపోతాయేమోనని మా భయం.

కాసేపటికి జోయెల్ చేతులు తీసేశాడు. "గుర్తు రావడం లేదండీ మణికుమార్‌గారూ. రోజంతా పక్కపక్కనే కూర్చుంటాం. తను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. ఒక్క మాటా గుర్తు రావడం లేదు." మొహాన పౌడరు ఉండటంతో మరీ జాలిగా కనిపించాడు. నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. ఆ ఉదయం తను ఏం తెమ్మని చెప్పిందో నాకూ గుర్తులేదు.

"లే," అన్నారు మాస్టారు. "నిపుణుడికి వదిలెయ్యి."

ఆయన చొక్కా చేతులు మడిచి కూర్చుని, నిటారుగా, మీటలు అదిరేలా వాయించారు. ముప్పయ్యేళ్ల అలవాటు. వరస చివరికొచ్చిందనుకుని ఎడమచెయ్యి ఎత్తి, టైపు మిషను లీవరు నెట్టబోయారు. అక్కడ లీవరు లేదు. చెయ్యి కీబోర్డు ఎడమమూల పైమీట మీద ధన్‌మని పడింది. దాని మీద 'ఎస్కేప్' అని రాసుంది.

పెట్టె మాయమైంది. కంప్యూటర్ కాసేపు గురగురలాడి చక్కగా తెరుచుకుంది. పాటల పుస్తకం ఎదురుగా ఉంది.

ముగ్గురం నోళ్లు తెరుచుకుని చూశాం. ఆ మీట నొక్కినా, కాన్సిల్ నొక్కినా ఒకటేనని జోయెల్‌కు మెల్లగా తట్టింది. అంటే ఆ పాస్‌వర్డు, పేరు చెప్పమని గుమ్మంలో నిలదీసి, చెప్పనంటే సరే లోపలికి రండనే కాపలాదారన్నమాట. అలాంటివాడి కోసం ఆలుమగలు ఏడాదిపాటు గోడ చూశారు.

"నేరస్థుడు ఎస్కేప్," అన్నారు మాస్టారు తుమ్ముతూ. "కానీ నా చేతుల్లోంచి కాదు."

బయట ఆటో ఆగింది. ఏంజెల్ దిగి లోపలికి వచ్చింది. పుస్తకం ఏమవుతుందోనన్న బెంగతో అక్కగారింట్లో ఉండలేకపోయిందట. తెరుచుకున్న కంప్యూటర్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం కొట్టారు?" అని అడిగింది మొగుణ్ణి.

"సుదీర్ఘమైన పరిశోధన అనంతరం..." అంటూ మాస్టారు మొదలుపెట్టారు.

"నాకు తెలియలేదు ఏంజెల్," అన్నాడు జోయెల్. "మాస్టారి చెయ్యి తగిలి తెరుచుకుంది. నీ మాటేమిటో నాకు ఇప్పటికీ తెలీదు."

కనిపెట్టానని అబద్ధం చెప్పే వీలు అతనికుంది. చెప్పలేదు. ఆమె తెల్లబడిన కీబోర్డునూ, తెల్లబడిన మా మొహాలనూ చూసింది. కొంగుతో మీటలు తుడిచి, "లేవండి. మీరు ముట్టుకుంటే వరసలు చెడతాయి," అని కుర్చీలో కూర్చుంది. జోయెల్ ప్రింటర్‌లో కాగితాలు పెట్టాడు. అది కీచుమంటూ మొదలైంది.

ఏంజెల్ తెర మీంచి చూపు తిప్పకుండా, "'వింటున్నారా' అని. నా సగం అదే," అంది.

జోయెల్ ప్రింటర్ పక్కనుంచి తలెత్తి, "ఆఁ? ఏమన్నావు?" అన్నాడు.

నేనూ మాస్టారూ అలవాటున్నవాళ్లలా గోడవైపు తిరిగాం. ప్రింటర్ చప్పుడు మీంచి ఏంజెల్ నవ్వు వినపడింది. ఆగకుండా నవ్వింది. జోయెల్ ప్రింటర్ ఆపేసి, ఆమె పక్కకు స్టూలు లాక్కుని కూర్చుని, "మళ్లీ చెప్పు," అన్నాడు.

పుస్తకం వేళకు ప్రెస్సుకు వెళ్లింది. చివరి పేజీలో ఏంజెల్ కృతజ్ఞతగా ఒక వరస చేర్చింది: 'తాళం: శ్రీ బసవపున్నయ్య మాస్టారు.' తాళం తీసినందుకని ఆమె ఉద్దేశం.

పాటల పుస్తకంలో తాళమంటే ఎవరైనా ఇంకోలా చదువుకుంటారు. ఉత్సవం రోజు కొండ దగ్గర అంతోనిగారు మమ్మల్ని పట్టుకుని, ఎంతో మర్యాదగా మాస్టారి చేతిలో జత ఇత్తడి తాళాలు పెట్టి ముందువరసలో నిలబెట్టారు. కాదనడం ఆయన చరిత్రలో లేదు. పాట ఎత్తుకున్నారు. మాస్టారు టైపు కొట్టినంత వేగంగా, ఎవరితోనూ సంబంధం లేకుండా వాయించడం మొదలుపెట్టారు. నన్ను మాత్రం సహాయకుడిగా పక్కనే ఉంచుకున్నారు.

రెండో పాటకల్లా బృందమంతా ఆయన వేగానికి వచ్చేసింది.

"చూశావా మణీ," అన్నారు చెమట తుడుచుకుంటూ, "అందరూ లొంగిపోయారు."