పేరు చెప్పకూడని పొడి

మనిషి పేరు లేకుండా పుట్టవచ్చు. పేరు లేని పొడి మాత్రం ఆడపిల్లల గురుకులం గేటు దాటరాదు. బయటి పదార్థాల నియంత్రణ నిబంధనల్లో ఇది మొదటిది. (రెండోది: మొదటిదాన్ని ప్రశ్నించరాదు.)

టేకులపల్లి దగ్గరి తండా నుంచి డబ్బా పట్టుకుని వచ్చిన ప్రమీలకు ఈ సంగతి తెలియదు. పత్తి ఏరే కాలం వస్తే చాలు, ఆ గురుకులంలో చదివే ఆమె కూతురు ఉదయశ్రీకి తుమ్ములు, వాటి వెనకే ఆయాసం. నోటితో పీల్చుకోమని డాక్టరిచ్చిన పఫ్ పిల్ల దగ్గరే ఉంది. కానీ అది అయిపోయి, మందుల షాపు మూసి ఉండి, వార్డెన్ ఫోను కలవక, ఆ రోజే బస్సులూ బందయితే? ఏడో తరగతి చదివిన ప్రమీల ఇంతకన్నా చిన్న ఆపదను ఎన్నడూ ఊహించుకుని ఎరగదు. అందుకే అడవి పల్లెకు పోయి, మందులిచ్చే జంపక్క దగ్గర ఆకుపొడి తెచ్చింది. తేనెలో రంగరించి నాకాలి. జంపక్క షరతు ఒక్కటే.

"చెట్టు పేరు నీకొక్కదానికే చెప్పిన. నీ నోట్లకెళ్ళి బయటికొస్తే మందు సత్తువ పోతది, సూస్కో."

గేటు దగ్గర పదార్థ పరిశీలకుడు వెంకటకృష్ణ డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"దీని పేరేందమ్మా?"

"చెప్పొద్దు సార్. చెప్తే పనిచెయ్యది."

"చెప్పకపోతే లోపలికి పోదమ్మా."

ఆయన మంచివాడే. పోనీ చెవిలో చెప్పమన్నాడు. చెవిలో చెప్పినా చెప్పినట్టేనని ఆమె భయం. విషయం ఆరోగ్య పర్యవేక్షకురాలు వనజ మేడం దాకా వెళ్ళింది. మేడం యాప్ తెరిచారు. పచ్చడి, కారప్పొడి, తలనూనె, ఇతరములు అని నాలుగు గడులు. 'ఇతరములు' నొక్కితే పేరు అడిగింది. 'పేరు తెలియదు' అని కొడితే ల్యాబుకు పంపమంది. (ల్యాబు వాళ్ళు పరీక్షించాలంటే అదేమిటో ముందే వాళ్ళకు తెలపాలి.)

ఇంతలో లోపల ఎవరో పిల్ల దగ్గింది. ఆ దగ్గు ఉదయశ్రీది కాదు. అయితే ప్రమీలకు లోకంలో ఏ దగ్గు వినిపించినా కూతురిదే. జంపక్క అసలు పేరు చెప్పొద్దంది గానీ, వేరే పేరు చెప్పొద్దనలేదు కదా.

"కారప్పొడని రాసుకోండి సార్."

యాప్ పచ్చగా వెలిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డబ్బా లోపలికి పోయింది.

ఆదివారం ఉదయశ్రీ ఫోను చేసింది. ఇళ్ళ నుంచి వచ్చే కారప్పొడులన్నీ సమానత్వ నిబంధన కింద వంటగదికే చేరతాయట. హాస్టలంతా అన్నంలో కలుపుకుని తిన్నారట. చేదుగా ఉందని కొందరు గొణిగితే, ఇంటి రుచులను కించపరచరాదని మేడం మందలించారట.

"మరి నువ్వు తిన్నవా బిడ్డా?"

"నాకు పెట్టలే యాడీ," అంది తల్లితో. "ఆయాసమున్నోళ్ళకు కారం బందంట."

నెలాఖరుకు ప్రమీల ఫోనుకు గురుకులం నుంచి సందేశం వచ్చింది: 'మీ సహకారానికి ధన్యవాదాలు. ఈ నెలలో ఆయాసం లేని పిల్లలెవరికీ ఆయాసం రాలేదు.'