కనుమకు సరిపడిన తూకం

త్రివిక్రమరావు మాస్టారు పోయిన రోజు సాయంత్రం, ఆయన వాడుకోని సెలవు రోజులన్నిటినీ గోనెసంచిలో కట్టి, బడి అటెండరు ఇంటికి తెచ్చి అప్పగించాడు. రోజులు తాజాగానే ఉన్నాయి. ఆయన భార్య ఇందుమతి టీచరు సంచి మూతి విప్పి, లోపల చేయి పెట్టి కాసేపు ఉంచి, మళ్ళీ కట్టేసింది.

ఆ ఊళ్ళో దూరప్రయాణాలకు తూకం కచేరీ అనుమతి కావాలి. ఖర్చుకు కావలసిన డబ్బు ఒక పళ్ళెంలోనూ, కూడబెట్టిన రోజులు ఇంకో పళ్ళెంలోనూ పెడతారు. ముల్లు నడిమధ్య నిలిస్తేనే చీటీ ఇస్తారు.

హిమాలయాల్లో ఒక మంచు కనుమను కాలినడకన దాటాలని పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ అనుకున్నారు. "డబ్బు నువ్వు చూసుకో, రోజులు నా పూచీ" అన్నారు మాస్టారు. ఆవిడ ఏటా తన సెలవులను సరెండర్ చేసి డబ్బు తెచ్చేది. అలా ఇచ్చిన రోజులను, ఎవరూ తిరిగి వాడకుండా, బడి గుమాస్తా ఆవిడ ఎదుటే నలిపి పొడి చేసేవాడు. మాస్టారు మాత్రం ఒక్క రోజూ ఖర్చుపెట్టలేదు. జ్వరంతోనే పాఠం చెప్పేవారు. సొంత తమ్ముడి పెళ్ళికి బడి వదిలాక బయలుదేరి, చివరి బంతి భోజనాలకు అందుకున్నారు. అయినా ఏటా ఖర్చులు పెరిగి డబ్బు బరువెక్కేది, రోజులు తేలిపోయేవి.

ఆ చివరి ఉదయం గుండెల్లో నొప్పిగా ఉందన్నారు.

"ఇవాళ్టికి సెలవు పెట్టండి" అంది ఆవిడ.

"కొంచెమే తక్కువుంది. ఇప్పుడు తీస్తే మళ్ళీ మొదటికొస్తాం" అని చెప్పులు తొడుక్కున్నారు.

కర్మకాండ ముగిశాక ఆవిడ సంచీ డబ్బూ తీసుకుని కచేరీకి వెళ్ళింది.

"ఇద్దరి పేరా కలిపి తూచమంటారా టీచరమ్మా, విడివిడిగానా?" అన్నాడు అక్కడి గుమాస్తా పరశురామయ్య.

"కలిపే. ఎప్పుడూ కలిపే తూచారు."

ముల్లు అటూ ఇటూ ఊగి నడిమధ్య నిలిచింది. గుమాస్తా లేచి నిలబడ్డాడు. కచేరీ అంతా లేచి నిలబడింది.

"చివర్లో ఒక పూట ఉందమ్మా. మాస్టారు మధ్యాహ్నమే పోయారు కదా, మిగిలిన పూట కూడా జమకట్టారు. దాంతోనే సరిపోయింది."

"ఒక్క రోజైనా చెక్కు చెదరలేదు, చూశారా" అంది ఇందుమతి టీచరు. అప్పుడావిడ తల ఎత్తే ఉంది.

బడిలో ఆవిడకు శాలువా కప్పారు. ఇరుగుపొరుగు చూడవచ్చారు.

"మా ఆయనా ఉన్నాడు, రోజులన్నీ పేకాటలో పోశాడు" అంది ఎదురింటి సుభాషిణి.

"ఉన్నాను గదే ఇంకా" అన్నాడు ఆమె మొగుడు. ఎవరూ నవ్వలేదు.

చీటీలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. దానికి పటం కట్టించి స్టాఫ్‌రూమ్‌లో తగిలించారు. కొత్తగా చేరిన మాస్టార్లకు చూపించి, రోజులు ఎలా కూడబెట్టాలో చెబుతున్నారు. వాళ్ళూ సెలవులు పెట్టడం మానేశారు. ఇందుమతి టీచరు తూకం వేయించిన మర్నాడే బడికి వచ్చింది. సంచి అటక మీద భద్రంగా ఉంది.

కనుమ దాటడం మిగిలి ఉంది.