ఒక్క మనిషికి మూడు వందల లీటర్లు

ఇంట్లో మనుషులు లేకపోయినా పర్వాలేదు గానీ, ఛెస్ట్ ఫ్రీజర్ లేకుండా మాత్రం ఈ రోజుల్లో ఎవరూ బతకకూడదు. ఈ మాట నేను బాగా ఆలోచించి, ముందూ వెనకా చూసుకుని చెబుతున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఛెస్ట్ ఫ్రీజర్ అంటే మూత పైకి తెరుచుకునే పొడవాటి తెల్ల పెట్టె. ఐస్‌క్రీము కొట్లో చూసే ఉంటారు. మా ఇంట్లో ఉన్నది మూడు వందల లీటర్లది. మా ఇంట్లో ఉండేది ఎందరంటారా? నేనొక్కణ్ణే.

మాది యానాం. ఉద్యోగం పుదుచ్చేరికి తెచ్చింది, రిటైరయ్యాక ఇక్కడి లాస్‌పేటలోనే ఉండిపోయాను. మా ఆవిడ నాగకుమారి పోయి రెండేళ్లయింది. అమ్మాయి నాగశ్రీ, అల్లుడు ఫణిధర్ ఊరి అవతల అరియాంకుప్పంలో ఉంటారు. ఇద్దరికీ టౌన్లో ఉద్యోగాలు.

ఫ్రీజర్ రాకముందు మా బతుకు ఎంత అధ్వాన్నంగా ఉండేదో వినండి. నాగశ్రీ పొద్దున్నే వండిన కూర క్యారేజీలో పెట్టుకుని ఆఫీసుకి మోసుకెళ్లేది. సాయంత్రం స్కూటీ మీద నేరుగా నా దగ్గరికి వచ్చేది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని ఆఫీసులో ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరి బల్ల కిటికీ పక్కకి మారిందో చెప్పేది. ఆ కబుర్లలో పడి కూరలో ఉప్పు లేదన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు. ఎంత వెనకబాటుతనం!

అల్లుడు ఈ కష్టం చూడలేకపోయాడు. మంచివాడు. "మావయ్యగారూ, ఒకసారి ప్లాన్ చేసుకుంటే నెలంతా చూసుకోనక్కర్లేదండి" అన్నాడు. షోరూముకి తీసుకెళ్లాడు.

ఇంట్లో ఎంతమంది అని షోరూము కుర్రాడు అడిగాడు. ఒక్కణ్ణే అన్నాను. అయితే పెద్దదే తీసుకోమన్నాడు! చిన్నది త్వరగా నిండిపోతుందట. పెద్దదాన్ని నింపి ఉంచితే కరెంటు పోయినా చల్లదనం ఒక రోజంతా నిలుస్తుందట. ఖాళీగా ఉంటే మాత్రం త్వరగా పాడవుతుందట. ఖాళీగా ఉంటే ఏం జరుగుతుందో నాకూ కొంత తెలుసు కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను.

పెట్టె వచ్చింది. గోడకి జానెడు ఎడం ఉండాలన్నారు, నేల ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలన్నారు, వేడి పదార్థం లోపల పెట్టకూడదన్నారు. ఇన్ని జాగ్రత్తలు నా విషయంలో కూడా ఎవరూ తీసుకోలేదు. వెనక గదిలో మా ఆవిడ కుట్టుమిషను ఉండే చోటే దానికి అన్ని విధాలా కుదిరింది. మిషను వరండాలోకి వెళ్లింది.

ఆ నెల మొదటి ఆదివారం నుంచి మా ఇంట్లో కొత్త యుగం మొదలైంది. కూతురూ అల్లుడూ ముప్పై డబ్బాలతో దిగారు. ప్రతి డబ్బా మీదా చీటీ, చీటీ మీద తేదీ, తేదీ పక్కన కూర పేరు. ముప్పావు గంటలో సర్దేసి, ఇంకో పని ఉందని వెళ్లిపోయారు. మళ్లీ వచ్చే నెల మొదటి ఆదివారమే.

నెలకి ఇరవై తొమ్మిది ప్రయాణాలు మిగిలాయి! పెట్రోలు మిగిలింది, టైము మిగిలింది, నిజం చెప్పాలంటే కూర కూడా మిగిలింది. సాయంత్రం ఫోన్ వచ్చేది. "డబ్బా తిన్నావా నాన్నా?" తిన్నానమ్మా. "సరే ఉంటాను." ఇంత క్లుప్తంగా, ఇంత పద్ధతిగా తండ్రీకూతుళ్లు మాట్లాడుకోవడం మీరు ఎక్కడైనా విన్నారా? కొన్నాళ్లకి ఆ ఫోను రోజు విడిచి రోజు అయింది, ఆ పైన నాలుగైదు రోజులకోసారి. తినడం ఎలాగూ ఖాయమే కదా, అడగడం దండగ.

రుచి సంగతి అంటారా? చలిలో నెల గడిపితే పులుసూ పప్పుచారూ ఒకే రంగు ఇటుకలవుతాయి. చీటీ తడిసి అక్షరాలు చెదిరాక, ఏది ఏదో విప్పి చూస్తే గానీ తెలియదు. రోజూ ఒక ఆశ్చర్యం! బంగాళాదుంప స్పాంజిలా మారుతుంది. ఉడికించిన గుడ్డు రబ్బరు బంతి అవుతుంది, పళ్లకి మంచి వ్యాయామం. ఇక అట్టడుగున ఉన్న డబ్బాల వయసు చెప్పాలంటే తవ్వకాల శాఖవాళ్లు రావాలి.

చేపల విషయంలో కలిగిన సుఖం ఇంకా గొప్పది. వైతికుప్పం జాలరిపేట నుంచి మునెమ్మ అని ఒకామె గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. మా మెట్ల మీద కూర్చుని, నేను కొన్న ఒక్క చేపనీ అరగంటసేపు శుభ్రం చేస్తూ, ఏ పడవ ఎప్పుడు వెళ్లిందో, ఎవరి వల ఎందుకు చిరిగిందో చెప్పేది. ఎంత కాలహరణం! ఫణిధర్ ఒకేసారి ఎనిమిది కిలోల వంజరం కొని, ముక్కలు కొట్టించి, సంచుల్లో కట్టి లోపల పడేశాడు. మునెమ్మ వచ్చి మూత ఎత్తి చూసింది.

"ఏంది సార్ ఇది, చచ్చిపోయి నెలయిన చేపకి దుప్పటి కప్పి పండబెట్టినారే. ఇంక నాకు యాడ పని?" అంది. పక్క వీధికి మళ్లిపోయింది.

లాభం చూడండి. మా మెట్ల మీద పొలుసన్నది కనబడదు. పిల్లి కూడా రావడం మానేసింది.

పక్కింటి అమ్మాయమ్మగారి కుటుంబం తాతల నాటి నుంచి ఈ ఊళ్లోనే ఉంది. పొంగలి వండినా, కారక్కొళంబు అనే కారప్పులుసు కాచినా గోడ మీంచి ఒక గిన్నె అందించడం ఆవిడ అలవాటు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి నేను అందులో రెండు అరటిపళ్లు పెట్టేవాణ్ణి. ఆ పళ్లు పుచ్చుకోవడానికి వచ్చి ఆవిడ పది నిమిషాలు నిలబడేవారు. ఇప్పుడు? "మీకేం అన్నా, నెలకి సరిపోయేంత లోపల ఉండాదే" అని ఊరుకున్నారు. అరటిపళ్ల ఖర్చు తప్పింది.

మొత్తానికి నా గురించి ఎవరికీ బెంగ లేకుండా పోయింది. ఫ్రీజర్ చేసిన మేళ్లన్నిటిలోకీ నేను ఎక్కువగా కృతజ్ఞత చెప్పుకునేది దీనికే.

ఇలా అంతా హాయిగా సాగుతుండగా, పోయిన నెల ఒక మంగళవారం వెనక గదిలో నేల మీద నీళ్లు కనిపించాయి. కంప్రెసర్ ఆగిపోయింది. కొట్టుకి ఫోన్ చేశాను. మధ్యాహ్నంలోపు వ్యాను పంపుతామన్నారు, మాది బాగుచేయడానికి పట్టుకెళ్లి, అందాకా వాడుకోవడానికి ఇంకోటి ఇస్తామన్నారు. ఎంత మర్యాద!

ఆ ఇంకోటి అద్దం మూత పెట్టె. పొడుగ్గా, తెల్లగా ఉంటుంది. బరువు వల్ల ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ మా గేటులోంచి తెచ్చారు. వెనక గదిలో పాతది అడ్డంగా ఉంది కాబట్టి కొత్తదాన్ని హాలు మధ్యలో దించి, కట్టుతాళ్లు తేవడానికి వ్యానులో కొట్టుకి తిరిగి వెళ్లారు.

అలాంటి పెట్టె ఒక ఇంటికి ఎప్పుడొస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. రెండేళ్ల కిందట మా హాల్లోనే ఒకటి ఒక రోజంతా ఉంది. దాని పక్కన కూర్చున్నవాణ్ణి నేనే. అందుకని ఎదురింటి అరుణాచలంగారిని నేను తప్పుపట్టను. ఆయన మేడ మీంచి అంతా చూశారు. పైగా నేను రెండు రోజులుగా వీధి తలుపు తీయలేదు. ఎందుకు తీస్తాను? పాలూ రొట్టే కూడా ఫ్రీజర్లోనే ఉన్నాయి!

నేను వెనక గదిలో నడుం దాకా ఫ్రీజర్లోకి వంగి డబ్బాలు పైకి తీస్తున్నాను. ఫోను వంటింట్లో ఉంది. పది డబ్బాలు చేతుల్లో పేర్చుకుని హాల్లోకి వచ్చేసరికి అక్కడ సగం వీధి నిలబడి ఉంది. చెప్పులన్నీ గుమ్మం బయట ఉన్నాయి. అమ్మాయమ్మగారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పక్క వీధిలోంచి మునెమ్మ కూడా వచ్చింది. అందరికీ ముందు అరుణాచలంగారు గులాబీల దండతో ఉన్నారు. నన్ను చూశారు, దండని చూసుకున్నారు, దాన్ని మెల్లిగా వీపు వెనక్కి పెట్టుకున్నారు.

"ఎవరు పోయారండీ?" అని అడిగాను.

అందరూ అరుణాచలంగారి వైపు చూశారు. చివరికి మునెమ్మే అంది, "మీరే సార్."

అమ్మాయమ్మగారు ఉన్నచోటే చతికిలబడి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. రెండు దినాలు తలుపు తీయని మనిషిని ఏమని అనుకునేది, గోడ మీంచి ఒక మాట అరిస్తే నోరు అరిగిపోతుందా అని. ఆ తిట్లు విని ఎన్నాళ్లయిందో! నేను డబ్బాలు కింద పెట్టడం కూడా మరిచిపోయి విన్నాను.

అప్పటికే అరుణాచలంగారు నాగశ్రీకి ఫోన్ చేసేశారట. అది హెల్మెట్ కూడా లేకుండా వచ్చింది. గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. కాలు లోపలికి రాలేదు దానికి. నేనే బయటికి వెళ్లాను. నా మణికట్టు పట్టుకుంది. నాడి చూసే డాక్టరులా చాలాసేపు వదల్లేదు.

"నేను ఫోన్ చేసి నాలుగు రోజులైంది నాన్నా" అంది. "డబ్బాలు ఉన్నాయి కదా అనుకున్నాను."

ఉన్నాయమ్మా, అన్నాను.

డబ్బాలు ఇంకా సగం గడ్డగానే ఉన్నాయి. వాటిని అద్దాల పెట్టెలోకి మార్చేస్తే సరిపోయేది. శాస్త్రీయంగా అదే పద్ధతి. కానీ పని మానుకుని, మొహం కడుక్కోకుండా, నా కోసం వచ్చినవాళ్లని ఉత్త చేతులతో ఎలా పంపుతాను? ఉన్నవన్నీ వేడిచేయించాను. అమ్మాయమ్మగారి ఇంట్లోంచి అన్నం వచ్చింది. మూడు నెలల కూరలు ఒక్క పూటలో, ఒకే హాల్లో అయిపోయాయి. చచ్చినవాడే దగ్గరుండి వడ్డించిన భోజనం మా లాస్‌పేటలో అదే మొదటిది అయ్యుంటుంది. వంజరం ముక్క నోట్లో పెట్టుకుని మునెమ్మ చాలాసేపు నమిలింది. లేచి వెళ్లి గేటు దగ్గర దించిన గంప తెచ్చుకుని, మా మెట్ల మీద కూర్చుని, నాకొక చేప తీసింది.

దండ వృథా కానివ్వలేదు. నాగశ్రీ దాన్ని వాళ్లమ్మ ఫొటోకి వేసింది.

చూశారా, ఒక్క కంప్రెసర్ చెడితే ఎంత అనర్థమో! ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి స్కూటీ చప్పుడు. గంటసేపు ఆఫీసు కబుర్లు. మెట్ల నిండా పొలుసు. పిల్లి తన చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొస్తోంది. అరటిపళ్లు అరడజను తెస్తే రెండు రోజులు రావడం లేదు. అరుణాచలంగారైతే పొద్దున్నే గేటు ముందు నిలబడి, నేను బయటికి వచ్చి చెయ్యి ఊపితే గానీ కాఫీ తాగడం లేదు. ఒక మనిషి ప్రశాంతంగా ఎలా బతకాలి?

కాబట్టి పాఠకులారా, ఆలస్యం చేయకుండా ఫ్రీజర్ కొనండి. పెద్దదే కొనండి.

నిన్న కొట్టువాళ్లు ఫోన్ చేశారు. మా పెట్టె బాగైపోయిందట, పంపించమంటారా అని అడిగారు. తొందరేం లేదు, కంప్రెసర్ సంగతి కదా, ఇంకో రెండు నెలలు మీ దగ్గరే పెట్టుకుని పరీక్షించండి అన్నాను.

అద్దాల పెట్టె ఉందిగా అంటారా? ఉంది. దాని ప్లగ్గు మా గోడలో పట్టడం లేదని నాగశ్రీతో చెప్పాను. శుభ్రంగా పడుతుంది. మీలో ఎవరైనా అరియాంకుప్పం వైపు వెళితే ఈ సంగతి మాత్రం అక్కడ చెప్పకండి.