రెండు మెడల గిటారు

మనిషికి మెడ ఒక్కటే గనుక గిటారుకూ ఒక్కటే ఉండాలని హుస్సేనీ ఆలంలోని వాద్యాల మీద కన్నేసి ఉంచే నిగరానీ దఫ్తరు ఏనాడో తేల్చింది. (పది తలల రావణుడు వీణ వాయించలేదా అంటే, ఆయన లంకవాసి, మన సర్కారు పరిధిలోకి రాడు.)

ఇది తెలియని గిటారు వాద్యగాడు సీమోను బొంబాయి రేవులో ఒక నావికుడి దగ్గర వింత గిటారు కొన్నాడు. పొట్ట ఒకటి, మెడలు రెండు. ఒక మెడ మీద పాట నడుస్తుంటే, రెండో మెడ తీగలు కింది శ్రుతిలో గుమ్మని తోడు పలుకుతాయి. ఆ గుమ్మనడం వినే మనసు పారేసుకున్నాడు. పత్తర్‌గట్టి బట్టల వర్తకుడు అమరనాథ్ కూడా ఒక్కసారి విని, తన కొడుకు పెళ్లికి సీమోనునే ఖాయం చేశాడు. దఫ్తరు లైసెన్సు మాత్రం ఉండాలన్నాడు.

భార్య విమలాదేవిని వెంటబెట్టుకుని సీమోను దఫ్తరుకు వెళ్లాడు. దఫ్తరు నడిపే ముంతజిమ్ సోమశేఖర్ గిటారును కళ్లద్దాలతో ఒకసారి, కళ్లద్దాలు తీసి ఒకసారి చూశాడు.

"మెడలు రెండున్నయి. అంటే గిటార్లు రెండు."

"కడుపు ఒక్కటే గద సాబ్!"

"కవలలకు గూడ తల్లి కడుపు ఒక్కటే. పేర్లు రెండు పెడ్తలేరా? మెడకొక మనిషి ఉండాలె. రెండో మనిషి ఎవరు?"

పెళ్లి దగ్గర పడింది. సీమోను దిక్కుతోచక భార్యను చూపించాడు. ఆమె బట్టలారేసే తీగ తప్ప మరో తీగ ముట్టి ఎరగదు.

"నాకేం రాదు సాబ్," అందామె నిజాయితీగా.

"వచ్చుడు, రాకపోవుడు ఈ దఫ్తర్ చూడదు. కూసుంటవా?"

"కూసుంట."

వెంటనే పరీక్ష జరిగింది. భయంతో సీమోను వేలు ఒకచోట జారింది. విమలాదేవి రెండో మెడ మీద చెయ్యి ఆనించి, చీమ నడిచినంత చప్పుడైనా చేయకుండా కూర్చుంది. సీమోనుది ఒక తప్పు, ఆమెవి సున్నా. కనుక ఆమె ఉస్తాద్, అతడు శిష్యుడు అని తీర్పు వచ్చింది. ఉస్తాద్ మెడను శిష్యుడు ముట్టరాదు.

పెళ్లిలో పూలదండ విమలాదేవికి పడింది. సీమోను ఒక్క మెడతోనే వాయించాడు. మూగగా ఉన్న రెండో మెడను చూసినప్పుడల్లా అతడి వేళ్లు అటు సాగి, మళ్లీ వెనక్కి వచ్చాయి. ముందు వరసలో ముంతజిమ్ లడ్డూ తింటున్నాడు.

విమలాదేవి భర్త ముఖం చూసింది. "నేను చెయ్యి తీస్త. నువ్వే కొట్టు. ఏమైతే గదే అయితది," అని గుసగుసలాడింది.

సీమోను చెయ్యి చాచాడు. గుమ్మని పలికిన ఆ నాదానికి పందిట్లో మాటలు ఆగిపోయాయి. అమరనాథ్ తల్లి నాగమణమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. ముంతజిమ్ లడ్డూ కింద పెట్టాడు.

తన వంతు మెడ శబ్దం చేసిన నేరానికి విమలాదేవి ఉస్తాద్ పదవి మర్నాడే ఊడింది. ఆ పదవికి దఫ్తరు బాగా గాలించి, చివరికి సోమశేఖర్‌నే నియమించింది. ఇన్నేళ్ల కొలువులో ఆయన చేతుల మీదుగా ఒక్క తప్పూ జరగలేదు. మరేదీ కూడా జరగలేదు.