పక్క పడవ కింద చేపలు

ఏలేటిపాడు జలాశయంలో పడవలకు బిగించిన చేపల టీవీలు ఎవరి పడవ కింద తిరిగే చేపల్ని వాళ్ళకు చూపించవు. పక్కవాడి పడవ కిందివి చూపిస్తాయి. యంత్రంలో లోపమేమీ లేదు. కొన్నప్పుడు ఇచ్చే పుస్తకంలో మొదటి పేజీలోనే ఆ సంగతి తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఏలేటిపాడు మత్స్యకారుల సహకార సంఘం ఆ పేజీని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, అభ్యంతరం ఉన్నవారు లేచి నిలబడాలని కోరింది. ఎవరూ లేవలేదు. పక్కవాడి కింద ఏముందో తెలుసుకోవాలంటే ఇదివరకు మెడలు సాచి సాచి నొప్పులు పుట్టేవి, ఇప్పుడు కూర్చున్నచోటే తెలుస్తుంది, ఇంతకన్నా ఏం కావాలని సభ్యులు అభిప్రాయపడ్డారు.

కొక్కిలిగడ్డ పోతురాజు మాత్రం చాలాకాలం ఆ యంత్రం జోలికి పోలేదు. అతన్ని కదిలించినవాడు నాగిడి సుందరం. సుందరం అతని తోడల్లుడు; పోతురాజు భార్య తిరుపతమ్మ చెల్లెలు అంకమ్మను చేసుకుని, గోడ అవతలే కాపురం ఉంటున్నాడు. ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరి చింతతోపు నీళ్ళలో మునిగిపోయింది. ఎండిన కొమ్మలు ఇప్పటికీ లోపల నిలబడే ఉన్నాయి, చేపలు వాటి మధ్య గుంపులు కడతాయి. అక్కడ పడవను నిలపడమే కష్టం. లంగరు రాయి వేస్తే చేప బెదిరిపోతుంది, వేయకపోతే గాలి పడవను లాక్కుపోతుంది. ఒక పొద్దున సుందరం పడవ ఆ తోపు నడిమధ్య, రాయీ తాడూ లేకుండా, మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. ముందు కొనకు ఒక మోటారు వేలాడుతూ ఉంది. దానికి చప్పుడు లేదు. సుందరం చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర చూసుకుంటున్నాడు.

ఆ రోజు పోతురాజు కంచం ముందు కూర్చుని లేచిపోయాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతి పూట తిరుపతమ్మ కంచం పెట్టలేదు. ఉతికిన చొక్కా తెచ్చి ఇచ్చింది.

"బస్సుకెళ్ళి కొనుక్కుని రా. ఆ మొహం పెట్టుకుని ఇంట్లో తిరగమాక" అంది.

పట్నంలో మీనాక్షి పడవ సామాన్ల షాపు యజమాని నుదుటి నిండా విభూతి పెట్టుకున్న పెద్దమనిషి. దర్జీ కొలతలు అడిగినట్టు అడిగాడు.

"ఎవరి మీద కొంటున్నారండీ?"

"మా తోడల్లుడి మీద."

"ఆయన తెర ఎంత?"

"ఏడంగుళాలంట."

"అయితే మీకు తొమ్మిది. ఎనిమిదిది కూడా ఉందిగానీ, అది పట్టుకెళ్ళినోళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేస్తన్నారు. పడవ అంచు ఎంత ఎత్తు?"

"నా మోకాలి పైదాకా."

"మోటారు కర్ర పొడుగుది తీసుకోండి. పొట్టిదైతే అల లేచినప్పుడల్లా రెక్క గాల్లో తిరుగుద్ది."

బొమ్మ స్పష్టంగా రావడం దేన్నిబట్టి ఉంటుందో కూడా షాపాయన ఓపిగ్గా చెప్పాడు. ముక్కూమొహం తెలియనివాడి పడవతో జత చేస్తే తెర మీద చుక్కలు తప్ప ఏమీ రావు. స్నేహితుడైతే చేప ఆకారం మసగ్గా తెలుస్తుంది. అన్నదమ్ములైతే ఫర్వాలేదు. తోడల్లుళ్ళయితే పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు.

"మరి మోటారుకి ఈ బ్యాటరీ సరిపోద్దా?" అన్నాడు పోతురాజు.

"బ్యాటరీ తెర వెలగడానికండి. మోటారు నడిచేది మీ కుళ్ళుతో. ఆయిలు అక్కర్లేదు, పొగ రాదు, చప్పుడుండదు. లోపల్లోపలే నడుస్తది."

"మధ్యలో ఆగిపోతేనో?"

షాపాయన అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "తోడల్లుడంటన్నారు గదండీ. ఎందుకాగుద్ది?"

పాత తెడ్లు తెచ్చి అప్పగించినవారికి చేపల్ని పసిగట్టడానికి నీళ్ళలోకి దించే గుడ్డులాంటి పరికరాన్ని ఉచితంగా బిగించే పథకం ఒకటి అప్పుడు నడుస్తోంది. ఊళ్ళో అందరూ అప్పగించారు. పోతురాజూ అప్పగించాడు. ఆ తెడ్లను కోయించి సంఘం కార్యాలయానికి బల్లలు చేయించారు. సభ్యులు సమావేశాలకు వచ్చినప్పుడు వాటి మీదే కూర్చుంటారు.

జత నమోదు ఆ కార్యాలయంలోనే జరుగుతుంది. జత కట్టేవారు బంధువులై ఉండాలి, ఒకరి వాకిలి ఒకరికి కనబడాలి. పోతురాజుకూ సుందరానికీ రెండు అర్హతలూ ఉన్నాయని కార్యదర్శి సంతోషించాడు. ఒకరి పడవ కింద ఉన్నది ఇంకొకరు నోటితో చెప్పుకోవచ్చా అని పోతురాజు అడిగాడు. చెప్పుకోవడం నేరం కాదు గానీ వారంటీ చెల్లదు అని కార్యదర్శి బదులిచ్చాడు.

తెర మీద బొమ్మ షాపాయన చెప్పినదానికన్నా బాగా వచ్చింది. సుందరం పడవ కింద బొచ్చె చేపలు చింతకొమ్మలకు బారులు తీరి వేలాడుతున్నాయి. శీలావతులు బద్ధకంగా తోకలు ఆడిస్తున్నాయి. ఒక బొచ్చె తలకాయ కల్లు కుండంత ఉంది. పోతురాజుకు గుండె దగ్గర సెగ పుట్టింది. ముందు కొనన మోటారు వెంటనే అందుకుని, పడవను నీళ్ళ మీద పాతేసినట్టు నిలబెట్టింది.

అలా నిలబడ్డాక అతను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఒకరి పడవ కింద ఇంకొకరు గాలం వేయకూడదన్నది ఏలేటిపాడులో తాతల నాటి కట్టుబాటు. దాన్ని ఎవరూ మీరలేదు. పోనీ తన పడవ కిందే వేద్దామంటే, తెర చూపించని నీళ్ళలో గాలం దించడానికి అతనికి మనసొప్పలేదు. కొన్నాళ్ళు సుందరం నిలబడినచోటికి పడవ తిప్పుకుని వెళ్ళాడు. ఇతను అక్కడికి చేరేసరికి సుందరం పెదవులు బిగించుకుని ఇక్కడికి వచ్చేవాడు. చేపలు ఎక్కడివక్కడే ఉండేవి.

జలాశయం మీద ఉన్న పడవలన్నిటిదీ ఇదే పద్ధతి కాబట్టి చేపల లారీ ఖాళీగా వచ్చి ఖాళీగా పోతుండేది. అయితే సంఘం లెక్కల్లో దిగుబడి మునుపెన్నడూ లేనంత పెరిగింది. ఎవరు ఎంత పట్టారన్నది వాళ్ళ జతగాడిని అడిగి రాసుకోవడం కొత్త విధానం. జతగాళ్ళు తాము చూసింది చూసినట్టు, ఒక్కోసారి కొంచెం కలిపి చెప్పేవారు. పై అధికారులు మెచ్చుకుని ఒక జ్ఞాపిక పంపారు. గోడకు ఇవతల తిరుపతమ్మ వంకాయ పులుసు పెట్టుకుంటూ అవతల అంకమ్మ చేపలు వేయిస్తోందని నమ్మేది. అవతల అంకమ్మ పచ్చిపులుసు కలుపుకుంటూ ఇవతలి సంగతి అలాగే నమ్మేది.

ఇలా ఉండగా పోతురాజు కూతురు సాయిదుర్గ పురిటికి వచ్చింది. నెలలు నిండాయి. ఆ పిల్లకు అన్నం సయించడం లేదు. నోటికి ఒక్కటే కావాలంటోంది: బొచ్చె తలకాయ పులుసు.

"చేపలు పట్టేవాడి కూతురికి ఇదేం పెద్ద కోరికని అడిగా నాన్నా" అంది.

"తెస్తాలేమ్మా" అన్నాడు పోతురాజు. రోజూ అలాగే అంటున్నాడు. రోజూ ఆ కల్లు కుండంత తలకాయ సుందరం పడవ కింద, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా తిరుగుతోంది. పొద్దున పడవ ఎక్కేటప్పుడు సాయిదుర్గ వాకిట్లో నిలబడి చూస్తుంది. సాయంత్రం అతను చేతులు ఊపుకుంటూ వస్తే లోపలికి వెళ్ళిపోతుంది. అదే అతనికి కష్టంగా ఉంది.

పై నుంచి వరద వస్తోందని చెప్పుకున్న రోజున, పోతురాజు చింతతోపులో సుందరానికి ఎదురుగా పడవ నిలిపి చాలాసేపు తెర చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ. నీకు ఎడం పక్కన, వంగిన కొమ్మ కింద. బొచ్చె."

సుందరం తల ఎత్తలేదు. "ఎగతాళా అన్నా?"

"నీ వదిన మీద ఒట్టు. నిన్నగాక మొన్న కూడా ఆడే ఉంది. గాలం దించు."

"నాకెందుకు చెప్తన్నావ్?"

"ఎవరో ఒకరు తినండయ్యా దాన్ని. చూడలేక చస్తన్నా."

సుందరం ఎడం పక్కన గాలం దించాడు. గాలం కర్ర విల్లులా వంగింది. కాసేపు పెనుగులాడి, రెండు చేతులా కావలించుకుని పడవలోకి లాగాడు. అది తెర మీద కన్నా పెద్దదిగా ఉంది. నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ పడి ఉన్న ఆ చేపను సుందరం చూశాడు, తర్వాత పోతురాజు పడవలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"రోజూ నీకే పడతన్నాయని అంకమ్మ నన్ను తిడతంది" అన్నాడు.

"మీ వదినా అంతే."

"దుర్గకి తలకాయ పులుసు కావాలంట గదా. గోడ మీంచి వినపడింది." సుందరం చేపను ఎత్తి అతని పడవలో పడుకోబెట్టాడు. "పిల్లకి ఒండి పెట్టండి."

పోతురాజుకు గుండె దగ్గర సెగ చల్లారిపోయింది. ఎన్నో నెలల తర్వాత ఊపిరి పొట్టదాకా దిగింది. అదే క్షణంలో రెండు తెరల మీదా బొమ్మ పోయింది. రెండు మోటార్లూ ఆగిపోయాయి. ఆనకట్ట మీద గేట్లు ఎత్తుతున్నామని సైరన్ మోగింది.

పడవలు మెల్లగా తిరిగి ఆనకట్ట వైపు జారసాగాయి. తెడ్లు సంఘం కార్యాలయంలో బల్లలై ఉన్నాయి. లంగరు రాళ్ళు మోటార్లు వచ్చినప్పుడే ఒడ్డున ఉండిపోయాయి. నీళ్ళు తోడే డబ్బాలతో ఇద్దరూ కాసేపు తెడ్డు వేశారు. ఒడ్డు దూరం జరుగుతూనే ఉంది.

"కుళ్ళుకో అన్నా" అన్నాడు సుందరం.

"రావట్లా తమ్ముడూ. నువ్వు చూడు."

"నీ తెర తొమ్మిదంగుళాలు గదా, దాన్ని తలుచుకుంటన్నా. ఏం లేదు."

"మావయ్య పెద్ద వల నీకిచ్చాడు. పెద్దల్లుణ్ణి నేనుండగా."

"అది చిరిగిన వల అన్నా. నీకు చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా."

ఆ మాటకు పోతురాజుకు నవ్వొచ్చింది. సుందరమూ నవ్వాడు. మోటారు రెక్కలు నీళ్ళలో అటూ ఇటూ మామూలు పుల్లల్లా ఊగాయి. గేట్ల హోరు ఇప్పుడు మాటలకు అడ్డం వస్తోంది. సుందరం నవ్వు ఆపి పడవ అంచును గట్టిగా పట్టుకున్నాడు.

పోతురాజు చేప వైపు చూశాడు. వంగి, దాని దవడలో వేళ్ళు దూర్చి పైకి లేపి, సుందరం పడవలోకి విసిరేశాడు. అది అక్కడ దబ్బున పడింది. సుందరం కాళ్ళ దగ్గర, కల్లు కుండంత తలకాయతో, ఎండకు మెరుస్తూ పడుకుంది. వాకిట్లో నిలబడి చూసే కూతురి మొహం పోతురాజుకు గుర్తొచ్చింది. సెగ ఒక్కసారిగా అందుకుంది. మోటారు కొత్తదానిలా తిరిగింది.

సుందరం మోటారు తిరగలేదు. చేప తన దగ్గరే ఉంది కాబట్టి తిరగడానికి కారణం లేదు. పోతురాజు అతని పడవకు తాడు కట్టి లాగాడు. చేప లేని పడవ చేప ఉన్న పడవను ఒడ్డుకు చేర్చింది. దారిలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే వేగం తగ్గుతుందని ఇద్దరికీ తెలుసు. వాకిట్లో నిలబడి ఉన్న సాయిదుర్గ తండ్రి చేతుల్ని చూసింది, బాబాయి చేతుల్ని చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం గోడ అవతల తాలింపు పడింది. చింతపండు పులుసులో బొచ్చె ఉడుకుతున్న వాసన గోడెక్కి ఇవతలికి దిగింది. తిరుపతమ్మ తన వంకాయ పులుసు మీద మూత తీయలేదు. కాసేపటికి అంకమ్మ గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"బావా, తలకాయ. పిల్లకి."

పోతురాజు అరుగు మీద నుంచి లేవలేదు. "తీసకెళ్ళు అంకమ్మా."

"వేడేడిగా ఉంది బావా. పులుపు తగ్గించి పెట్టా."

"రేపు ఇంకా గేట్లు ఎత్తుతారంట. మోటారు నడవాలి. ఇది లోపలికొస్తే ఏం నడుస్తది? మీ ఆయన్ని కూడా నేనే లాక్కురావాలి."

అంకమ్మ ఆలోచించింది. "అదీ నిజమేలే" అంది. ఆవిరి పోకుండా గిన్నె మీద కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. ఆమె ముఖంలో నొచ్చుకున్నట్టేమీ కనపడలేదు.

లోపల మంచం మీద సాయిదుర్గ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"అమ్మా, బిడ్డ అటే తిరిగింది. గోడ వైపే తంతంది."

"గట్టిగానా?"

"గట్టిగానే. ఆపట్లా."

తిరుపతమ్మ వచ్చి పక్కన కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది. ఊపిరి బిగబట్టి చూసింది. చప్పుడేమీ లేదు, లోపల్లోపలే, ఒక్క క్షణం ఆగకుండా తిరుగుతోంది. ఆమె మొహం తేటపడింది.

"భయమేం లేదు" అంది. "ఈ బిడ్డకి తెడ్లతో పనుండదు."

అరుగు మీద పోతురాజు ఆ మాట విన్నాడు. లోపలికొచ్చి కంచం పెట్టమన్నాడు. గోడ అవతలి నుంచి వచ్చే వాసన నంజుకుంటూ వంకాయ పులుసుతో కడుపునిండా తిని, మళ్ళీ అడిగి వడ్డించుకున్నాడు.